ఓటేసి కొన్న పచ్చిక
నగరాలు – తోటలు: 11వ భాగం

అమెరికా వాయవ్య కొసన ఉన్న సియాటెల్ నగరంలో పేటపేటకూ పార్కులు వెలిసింది ప్రధానంగా ఇంటి పన్ను డబ్బుతో. అయితే అది నగరపాలక సంస్థ తనంతట తాను విధించిన పన్ను కాదు. పార్కుల కోసం ఇంత అదనంగా కట్టడం మీకు సమ్మతమేనా అని బ్యాలెట్ మీద అడిగి, ఎక్కువమంది సరేనన్నాకే వసూలు చేసిన పన్ను. 1905 నుంచి 2014 వరకు ఈ ప్రశ్న రకరకాల రూపాల్లో ఓటర్ల ముందుకు వచ్చింది. వాళ్లు ఎన్నోసార్లు ఔనన్నారు, కొన్నిసార్లు గట్టిగా కాదన్నారు. స్థలం కొనడానికి ఓటరును ఒప్పించడం కన్నా, కొన్న స్థలాన్ని ఏటేటా పోషించడానికి డబ్బు కుదర్చడం కష్టమని ఈ నూరేళ్ల అనుభవం తేల్చింది.

శ్మశానం నుంచి బులెవార్డుల దాకా

సియాటెల్ తొలి పార్కు కొన్నది కాదు, దానంగా వచ్చింది. ఊరు నిలబెట్టిన తొలి కుటుంబాల్లో ఒకటైన డెన్నీ కుటుంబం శ్మశానానికి ఇచ్చిన స్థలాన్ని 1884లో పార్కుగా మార్చారు. సమాధులు తవ్వి అస్థికలను వేరే చోటికి తరలించారు. అదే నేటి డెన్నీ పార్కు. ఊరు చిన్నదిగా ఉన్నన్నాళ్లూ ఇలాంటి దానాలతోనే గడిచిపోయింది. 1897లో ఉత్తరాన క్లోండైక్‌లో బంగారం పడిందన్న కబురు రాగానే వేలమంది సియాటెల్ రేవు మీదుగా ప్రయాణం కట్టారు. అలా వెళ్లేవాళ్లకు సరుకులమ్మి ఊరు బలిసింది. 1900లో 80 వేలున్న జనాభా 1910 నాటికి 2.37 లక్షలకు చేరింది. అడవి కొట్టి ప్లాట్లు వేస్తున్న రోజులవి. ఈ ఏడు కొనని స్థలం వచ్చే ఏడు మరింత ప్రియమయ్యేది.

1903లో నగరం జాన్ చార్లెస్ ఓమ్‌స్టెడ్‌ను పిలిపించింది. న్యూయార్క్ సెంట్రల్ పార్కు రూపకర్తల్లో ఒకరైన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్‌కు ఆయన తమ్ముడి కొడుకు, పెంపుడు కొడుకు కూడా. కొండలు, సరస్సుల గట్లు తిరిగి చూసి ఆయన ఒక ప్రణాళిక రాసిచ్చాడు. దక్షిణాన వాషింగ్టన్ సరస్సు ఒడ్డు నుంచి పడమట సముద్రపు గట్టు దాకా సుమారు 20 మైళ్ల పొడవున చెట్ల బాటలతో పార్కులను కలపాలన్నది అందులో ఒక ముఖ్యాంశం. ప్రతి ఇంటికీ అర మైలు లోపల ఒక పార్కో ఆటస్థలమో ఉండాలన్నది రెండోది. నగర కౌన్సిల్ ఆ ఏడాదే ప్రణాళికను ఆమోదించింది.

డబ్బు మాత్రం బాండ్ల రూపంలో వచ్చింది. బాండు అంటే నగరం చేసే అప్పు. దాన్ని వడ్డీతో సహా తీర్చేది ఇళ్ల మీద, స్థలాల మీద వేసే పన్ను. కాబట్టే ఓటర్ల అనుమతి తప్పనిసరి. 1905, 1908, 1910, 1912 సంవత్సరాల్లో పెట్టిన పార్కు బాండ్లకు ఓటర్లు పచ్చజెండా ఊపారు. నాలుగూ కలిపి 40 లక్షల డాలర్లు. ఈ సొమ్ముతోనే నేటి సియాటెల్ పాత పార్కుల్లో చాలావాటికి స్థలం దొరికింది.

ఆలస్యం ఖరీదెంతో కూడా ఆ రోజుల్లోనే తెలిసొచ్చింది. వాషింగ్టన్ సరస్సులోకి చొచ్చుకుపోయిన బెయిలీ ద్వీపకల్పాన్ని కొనమని 1892లోనే పార్కుల సూపరింటెండెంట్ ఎడ్వర్డ్ ష్వాగర్ల్ సలహా ఇచ్చాడు. ఊరికి మరీ దూరమని ఎవరూ పట్టించుకోలేదు. ఓమ్‌స్టెడ్ మళ్లీ చెప్పాడు. చివరికి 1911లో 3,22,000 డాలర్లు పోసి కొన్నారు. అదే సీవర్డ్ పార్కు. పాత అడవి చెట్లు నగరం నడుమ ఇంకా నిలిచి ఉన్న అరుదైన చోట్లలో అదొకటి.

60 శాతం గీత

1930ల ఆర్థిక మాంద్యం ఈ ఊపును ఆపేసింది. పన్నుల భారం మోయలేని జనం 1932లో ఆస్తి పన్ను రేటుకు రాష్ట్రవ్యాప్త పరిమితి విధించే చట్టాన్ని ఓటు ద్వారానే తెచ్చుకున్నారు. 1944లో ఆ పరిమితి రాష్ట్ర రాజ్యాంగంలోకి ఎక్కింది. పరిమితిని మించి పన్ను వేసి తీర్చే బాండ్లకు 60 శాతం ఓట్లు కావాలన్న నియమం నిలబడింది. ఆ తర్వాతి పార్కు పథకాలన్నీ ఈ గీతను దాటడానికో, తప్పించుకోవడానికో వేసిన ఎత్తులే.

గీతను దాటిన పెద్ద పథకం ఫార్వర్డ్ థ్రస్ట్. వాషింగ్టన్ సరస్సులో మురుగు కలవకుండా ఆపే ఉద్యమాన్ని నడిపిన న్యాయవాది జిమ్ ఎల్లిస్ 1965లో దీన్ని ప్రతిపాదించాడు. స్టేడియం, మెట్రో రైలు, రోడ్లు, పార్కులు, అగ్నిమాపక కేంద్రాలు వంటి పనులన్నిటికీ వేర్వేరు బాండ్లు పెట్టి ఒకేరోజు ఓటుకు తేవాలన్నది ఆలోచన. 1968 ఫిబ్రవరి 13న సియాటెల్‌తో పాటు చుట్టుపక్కల ఊళ్లున్న కింగ్ కౌంటీ అంతటా పోలింగ్ జరిగింది. రైలుకు సగానికి పైగా ఓట్లు పడినా 60 శాతం రాలేదు. 1970లో రెండోసారి అడిగినా ఓడిపోయింది. దానికోసం ఎత్తిపెట్టిన కేంద్ర నిధులు అట్లాంటా నగరానికి వెళ్లిపోయాయి. పార్కుల బాండు మాత్రం గీత దాటింది. మొత్తం 11.8 కోట్ల డాలర్లు.

ఆ డబ్బు పేటల్లో ఈత కొలనులుగా, సముద్రపు ఒడ్డున అక్వేరియంగా, కౌంటీ అంతటా పార్కులుగా మారింది. నగరాన్ని రెండుగా చీల్చిన ఐ-5 రహదారి మీద కాంక్రీటు కప్పు వేసి, దానిమీద మట్టి పోసి, జలపాతాలు కట్టి 1976లో తెరిచిన ఫ్రీవే పార్కు వీటిలో అందరి దృష్టినీ ఆకర్షించింది. కింద కార్ల రొద, పైన నీళ్ల హోరు. ఖాళీ స్థలం లేని చోట ప్రజాధనంతో స్థలాన్నే సృష్టించవచ్చని చూపిన పార్కు అది.

కాదన్న ఓటు

సియాటెల్ పార్కుల చరిత్రలో గెలిచిన ఓట్ల కన్నా ఎక్కువ చర్చకు వచ్చింది ఓడిపోయిన ఓటే. నగర కేంద్రానికి ఉత్తరాన, యూనియన్ సరస్సు దక్షిణపు ఒడ్డున అప్పట్లో గోదాములు, కార్ల షెడ్లు, చిన్న కార్ఖానాలు ఉండేవి. వాటిని తొలగించి సరస్సు నుంచి నగర కేంద్రం దాకా ఒకే విశాలమైన పచ్చిక బయలు వెయ్యాలని 1991లో సియాటెల్ టైమ్స్ కాలమిస్టు జాన్ హింటర్‌బర్గర్ రాశాడు. ఆ ఆలోచనకు సియాటెల్ కామన్స్ అన్న పేరు వచ్చింది, వ్యాపార ప్రముఖులు వెన్నుదన్నుగా నిలిచారు. ముందుగా స్థలాలు కొనిపెట్టడానికి మైక్రోసాఫ్ట్ సహ వ్యవస్థాపకుడు పాల్ అలెన్ 2 కోట్ల డాలర్లు అప్పుగా ఇచ్చాడు.

1995లో 11.1 కోట్ల డాలర్ల ఆస్తి పన్ను లెవీని ఓటుకు పెట్టారు. ఓడిపోయింది. పథకాన్ని కుదించి 1996లో 5 కోట్ల డాలర్లకు మళ్లీ అడిగారు. అదీ ఓడింది. అక్కడి చిన్న వ్యాపారులు తమ బతుకుతెరువు పోతుందన్నారు. పార్కు చుట్టూ భూములున్నవాళ్లకే లాభమన్నది ఇంకొందరి విమర్శ. మా పేటలో పిల్లలకు ఊయల లేకుండా అక్కడ అంత పెద్ద పార్కుకు మేమెందుకు కట్టాలన్నది దూరపు పేటల మాట.

ఓటు ఓడాక ఒప్పందం ప్రకారం కొన్న స్థలాలు అలెన్‌కే వెళ్లాయి. ఆయన సంస్థ వల్కన్ వాటికి మరిన్ని స్థలాలు కలిపి ఆఫీసు భవనాలు కట్టింది. అమెజాన్ తన ప్రధాన కార్యాలయాన్ని అక్కడికే మార్చుకుంది. 2012లో ఆ భవనాల్లో 11 భవనాలను వల్కన్ నుంచి 116 కోట్ల డాలర్లకు కొంది. పచ్చిక బయలు అనుకున్న చోట నేడు వేలమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు పనిచేస్తున్నారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు.

పేటకో పని

కామన్స్ ఓటమి నేర్పిన పాఠం తర్వాతి లెవీ స్వరూపంలో కనిపిస్తుంది. అదే కాలంలో నగరం పేటల వారీగా ప్రణాళికలు రాయించింది. ఎదుగుదలను కొన్ని పేటల్లో కేంద్రీకరించాలన్నది 1994 నగర ప్రణాళిక ఉద్దేశం. జనం పెరగబోయే ఆ పేటల్లో ఏం కావాలో అక్కడివాళ్లనే అడిగారు. 1999 నాటికి 38 పేటల ప్రణాళికలు సిద్ధమయ్యాయి. ఆటస్థలం, నడకబాట, ఖాళీ స్థలం అన్న కోరికలు వాటిలో పదేపదే వచ్చాయి. ఒక పౌరుల కమిటీ ఆ జాబితాలను వడకట్టి ఏ పేటకు ఏ పని అన్నది పేర్లతో సహా రాసింది. ఇదే 2000 నవంబరు 7న ఓటుకు వచ్చిన ప్రో పార్క్స్ లెవీ. 8 ఏళ్లలో 19.82 కోట్ల డాలర్లు, నూరుకు పైగా పనులు. ఓటర్లు గెలిపించారు.

బాండుకూ లెవీకీ ఉన్న తేడా ఇక్కడే తెలుసుకోవాలి. బాండులో అప్పు ముందు, పన్ను తర్వాత. దానికి 60 శాతం ఓట్లు కావాలి. లెవీలో అప్పు ఉండదు. ఏటా వసూలైనంత ఏటా ఖర్చుపెడతారు. ఇందుకు సగానికి పైన ఒక్క ఓటు వచ్చినా చాలు. వాషింగ్టన్ చట్టం ప్రకారం ఓ నగరం మామూలుగా వసూలు చేసే ఆస్తి పన్ను మొత్తం ఏడాదికి ఇంతకన్నా పెరగకూడదన్న పరిమితి ఉంది. 1970లలో అది 6 శాతం. 2001లో ఓటర్లు తెచ్చిన చట్టంతో 1 శాతానికి దిగింది. ఇళ్ల ధరలు రెట్టింపైనా నగర ఖజానాకు వచ్చే మొత్తం రెట్టింపు కాదు, పన్ను రేటే తగ్గుతుంది. జీతాలు, సరుకుల ధరలు మాత్రం అంతకన్నా వేగంగా పెరుగుతాయి. అందుకని కొత్త పని ఏది తలపెట్టినా నగరం ఓటర్ల దగ్గరికి వెళ్లి, ఫలానా పనికి, ఫలానా మొత్తం, ఇన్నేళ్లపాటు పరిమితి దాటనివ్వండని అడగాలి.

ఈ అడగడంలో దాపరికం ఉండదు. మొత్తం ఎంత, ఎన్నేళ్లు, దేనికి అన్నది బ్యాలెట్ మీదే ఉంటుంది. ఇంటికి వచ్చే ఓటర్ల కరపత్రంలో అనుకూలంగా ఒకరి వాదన, ప్రతికూలంగా మరొకరి వాదన పక్కపక్కన అచ్చవుతాయి. పన్నును ఇంటి విలువలో వెయ్యి డాలర్లకు ఇన్ని సెంట్లని చెబుతారు. ప్రో పార్క్స్ రేటు మొదట్లో దాదాపు 35 సెంట్లు. అంటే 3 లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి 105 డాలర్లు. పన్ను బిల్లు కౌంటీ పంపుతుంది, ఏప్రిల్ నెలాఖరుకు సగం, అక్టోబరు నెలాఖరుకు సగం కట్టాలి.

కొన్న పార్కును రేపు ఎవరికో అమ్మేస్తే ఎలా అన్న అనుమానానికి అంతకుముందే జవాబు దొరికింది. పౌరులు సంతకాలు సేకరించి తెచ్చిన 42వ ఇనిషియేటివ్‌ను కౌన్సిల్ 1997లో చట్టం చేసింది. పార్కు స్థలాన్ని మరో పనికి వాడాలంటే అదే ప్రాంతంలో అంతే స్థలం బదులివ్వాలి.

ప్రో పార్క్స్ పనుల్లో పేరుపొందింది క్యాపిటల్ హిల్ పేటలోని కాల్ ఆండర్సన్ పార్కు. అక్కడ 1901 నాటి తాగునీటి రిజర్వాయరు తెరిచి ఉండేది. నీటి భద్రత కోసం దాన్ని భూమిలోకి మార్చి పైన కప్పు వేశారు. ఆ కప్పు మీద 2005లో పచ్చిక, ఫౌంటెన్, ఆటస్థలం తెరిచారు. ఇళ్లు కిక్కిరిసిన పేటలో కొత్తగా స్థలం కొనే పని లేకుండానే పార్కు విస్తరించింది. జాబితాలో లేని పనులకూ దారి ఉంచారు. ఏ పేటవాళ్లైనా ఫలానా స్థలం అమ్మకానికి వచ్చింది, కొనండి అని దరఖాస్తు పెట్టుకోవడానికి 1 కోటి డాలర్లు విడిగా పెట్టారు.

కొన్నారు, వెయ్యలేదు

ప్రో పార్క్స్ 2008తో ముగిసింది. అందులో కొంత సొమ్ము నిర్వహణకు కూడా ఉండేది. గడువు ముగియడంతో అదీ ఆగింది. ఆ ఏడాదే ఆర్థిక సంక్షోభం ముంచుకొచ్చింది. ఇలాంటి సమయంలో కొత్త పన్ను వద్దని మేయర్ గ్రెగ్ నికెల్స్ అన్నాడు. కౌన్సిల్ వినలేదు. 2008 నవంబరులో 6 ఏళ్లకు సుమారు 14.6 కోట్ల డాలర్ల కొత్త లెవీ పెట్టింది. అధ్యక్ష ఎన్నికల రోజున జనం దాన్నీ గెలిపించారు.

ఈ లెవీ పనుల్లో బెల్‌టౌన్ పేటది వింత కథ. అపార్టుమెంట్లతో నిండిన ఆ పేటలో స్థలం ధర ఆకాశంలో ఉంది. అందుకని బెల్ స్ట్రీట్‌లో నాలుగు బ్లాకుల మేర రోడ్డును కుదించి, నడకదారిని, మొక్కలను, కూర్చునే చోట్లను పరిచి 2014లో పార్కుగా తెరిచారు. బల్లార్డ్ పేటలో ఒకప్పటి చర్చి స్థలాన్ని కొని, పిల్లల ఆటస్థలంతో పాటు ఇరుగుపొరుగు కూరగాయలు పండించుకునే మళ్లు వేసి 2012లో కిర్కే పార్కు తెరిచారు.

అయితే ఈ లెవీ సొమ్ము దాదాపు అంతా కొనడానికి, కట్టడానికే. తెరిచిన పార్కులో గడ్డి కొయ్యడానికి, మరుగుదొడ్లు కడగడానికి, విరిగిన ఊయల మార్చడానికి డబ్బు నగర సాధారణ పద్దు నుంచే రావాలి. మాంద్యంలో ఆ పద్దు కుంచించుకుపోయింది. ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్టయింది పరిస్థితి. మంచి ధరకు దొరికినప్పుడు కొనిపెట్టిన స్థలాలు కంచె వేసి, గడ్డి మొలిచి పడి ఉండేవి. అలాంటివి 14 తేలాయి. పాత భవనాల మరమ్మతులు వాయిదా పడుతూ పేరుకున్న బకాయి 2014 నాటికి సుమారు 27 కోట్ల డాలర్లకు చేరింది. రెండు లెవీల్లో ఏ ఒక్కదాని మొత్తం కన్నా ఈ బకాయే పెద్దది.

గడువు లేని పన్ను

ఈ చిక్కుకు నగరం వెతికిన దారి పార్కు జిల్లా. పార్కుల కోసమే పన్ను వేసే ప్రత్యేక సంస్థను ఓటు ద్వారా ఏర్పాటు చేసుకోవచ్చని వాషింగ్టన్ చట్టం వీలు కల్పిస్తుంది. పొరుగున ఉన్న టకోమా నగరం 1907లోనే అలా చేసుకుంది. సియాటెల్‌లో ఆ ప్రశ్న 2014 ఆగస్టు 5న ఓటుకు వచ్చింది. జిల్లాకు నగరంతో సమానమైన సరిహద్దులు, నగర కౌన్సిల్ సభ్యులే బోర్డు, వెయ్యి డాలర్లకు 75 సెంట్ల వరకు పన్ను వేసే అధికారం, గడువు లేదు.

వ్యతిరేకుల్లో పార్కులంటే పడనివాళ్లు తక్కువ. ఏళ్ల తరబడి లెవీలకు ఓటేసినవాళ్లే కొందరు ఈసారి ఎదురు తిరిగారు. లెవీ అయితే ఆరేళ్లకోసారి మా దగ్గరికి రావాలి, లెక్క చెప్పాలి, ఈ జిల్లా ఒకసారి పుడితే మళ్లీ అడగనక్కర లేదు కదా అన్నది వాళ్ల అభ్యంతరం. సమర్థకుల మాట ఇంకోలా ఉంది. గడ్డి ఏటా పెరుగుతుంది, పైకప్పు ఏటా కారుతుంది, అలాంటి ఖర్చును ఆరేళ్లకోసారి పందెంలో పెట్టకూడదన్నారు. బొటాబొటి మెజారిటీతో జిల్లా గెలిచింది.

అనుమానాలు తీర్చడానికి నగరం కొన్ని షరతులు రాసుకుంది. కొత్త పన్ను వచ్చింది కదా అని సాధారణ పద్దు నుంచి పార్కులకిచ్చే సొమ్ముకు కోత పెట్టకూడదు, ఏడాదికి 8.9 కోట్ల డాలర్లు కనీసం ఇవ్వాలి. ఖర్చును పౌరుల కమిటీ పరిశీలిస్తుంది. ఆరేళ్లకోసారి కొత్త ప్రణాళిక వేస్తారు. 75 సెంట్ల అధికారం ఉన్నా మొదటి విడతలో వేసింది 33 సెంట్లే. 4 లక్షల డాలర్ల ఇంటికి అది ఏడాదికి 132 డాలర్లు. జిల్లాకు ఏటా వచ్చే సుమారు 4.8 కోట్ల డాలర్లలో ఎక్కువ భాగం మరమ్మతులకు, నిర్వహణకు పోయింది. ఎదురుచూస్తున్న 14 స్థలాలను పార్కులు చెయ్యడం కూడా ఈ విడత పనే.

వాటిలో ఒకటి గ్రీన్‌వుడ్ పేటలో శాఖా గ్రంథాలయం పక్కనున్న చిన్న స్థలం. 2019లో పార్కుగా తెరిచి దానికి ఆలిస్ బాల్ పేరు పెట్టారు. 1892లో సియాటెల్‌లో పుట్టిన ఈ నల్లజాతి రసాయన శాస్త్రవేత్త 1915లో హవాయిలో మాస్టర్స్ పట్టా పొందింది. భారతదేశంలో కుష్ఠుకు తరతరాలుగా వాడిన చాల్‌ముగ్రా నూనె చిక్కగా ఉండి ఒంట్లోకి ఎక్కేది కాదు. దాన్ని ఇంజెక్షన్‌గా ఇవ్వగల రూపానికి మార్చింది ఆమె. 1916లో 24 ఏళ్లకే చనిపోయింది. లెవీ సొమ్ముతో కొన్న స్థలాన్ని ఆమె పేరు మీద పార్కుగా మార్చింది జిల్లా సొమ్ము.

కట్టేవాళ్లు, ఓటేసేవాళ్లు

ఈ ఏర్పాటులో పన్ను కట్టేవాళ్లూ ఓటేసేవాళ్లూ సరిగ్గా ఒకరే కాదు. అద్దెకుండేవాళ్లకు పన్ను బిల్లు రాదు, ఓటు ఉంటుంది. యజమాని ఆ పన్నును అద్దెలో కొంతైనా కలుపుతాడు కాబట్టి భారం వాళ్లకూ తగులుతుంది. హెచ్-1బీ వీసా మీద ఉండి ఇల్లు కొనుక్కున్న తెలుగు ఉద్యోగి సంగతి దీనికి తలకిందులు. ఇంటి పన్ను పూర్తిగా కడతాడు, పౌరసత్వం లేనందున ఓటు ఉండదు. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే బెల్వ్యూ, రెడ్మండ్ సియాటెల్ నగర పరిధిలోకి రావు కాబట్టి పార్కు జిల్లా పన్ను వాళ్లకు వర్తించదు. అయితే కింగ్ కౌంటీ కూడా 2003 నుంచి తన పార్కుల కోసం ఓటర్ల అనుమతితో లెవీ వసూలు చేస్తోంది. రెడ్మండ్‌లో వాళ్లు క్రికెట్ ఆడే మేరీమూర్ పార్కు కౌంటీదే.

తెలుగు రాష్ట్రాల పురపాలక సంఘాల్లో ఇంటి పన్ను రేటు మీద ప్రజల ఓటు అన్న పద్ధతి లేదు. పాలకమండలి, ప్రభుత్వం నిర్ణయిస్తాయి. పేటల్లో పార్కు స్థలం ఎక్కువగా లేఅవుట్ వేసినప్పుడు ఖాళీగా వదలాల్సిన వాటాగా పురపాలక సంఘానికి చేరుతుంది. స్థలం ఉచితంగా వచ్చినా పోషణ ఎవరిదన్న ప్రశ్న అక్కడా ఉంది. సియాటెల్ ఆ ప్రశ్నను ఓటర్లకే వదిలింది, జవాబు రావడానికి నూరేళ్లకు పైగా పట్టింది.

సియాటెల్ జిల్లా రెండో విడత 2023లో మొదలై 2028 వరకు సాగుతుంది. రేటు వెయ్యి డాలర్లకు 38 సెంట్లు. ఇళ్ల విలువలు మొదటి విడత నాటి కన్నా బాగా పెరగడంతో ఏటా వచ్చే సొమ్ము సుమారు 11.8 కోట్ల డాలర్లు. 1968లో కౌంటీ మొత్తం కలిసి పార్కుల కోసం ఒకేసారి అప్పు తెచ్చిన మొత్తం అంకెల్లో అంతే. డాలరు విలువ ఎంతో పడిపోయిన మాట నిజమే గానీ, అప్పటి సొమ్ము ఒకసారి వచ్చి ఖర్చయిపోయింది, ఇది ఏటేటా వస్తుంది.

(వచ్చే భాగం: 1907 నాటి టకోమా పార్కు జిల్లా)